గుట్ట బాటల నిర్వహణకు సర్కారు నిధులు: కొలతల నుంచి బిల్లు దాకా

గుట్ట బాట పాడైంది, డబ్బులు ఎవరిని అడగాలి? నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తోంది. అడిగేవాళ్లలో వాకర్స్ సంఘాలు ఉన్నాయి, ఆదివారం గుట్టలెక్కే కుర్రాళ్లు ఉన్నారు, గుట్ట కింద ఊళ్ల యువజన సంఘాలూ ఉన్నాయి. చాలామంది అప్పటికే నాయకుడికి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి, ఎదురుచూస్తున్నవాళ్లే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఊళ్లో, మండలంలో, జిల్లాలో ఎక్కడ వెతికినా "నడకబాటల నిర్వహణ" అనే పేరుతో పద్దు కనపడదు. కొత్త స్వాగత ఆర్చికి డబ్బు దొరుకుతుంది. ఉన్న బాట వానకు కొట్టుకుపోకుండా చూడమంటే ఏ పద్దులో రాయాలో తెలియక ఫైలు ఆగుతుంది. కాబట్టి మనం చేయాల్సినవి రెండు. నేల ఎవరిదో తేల్చుకోవాలి. తర్వాత పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను దాన్ని గుర్తించే పద్దు దగ్గరికి తీసుకెళ్లాలి. కింద ఉన్నదంతా ఈ రెండింటి వివరమే.

## 1. నేల ఎవరిదో తేల్చండి

ఇది తేలకుండా ఏ ఆఫీసు గడప తొక్కినా "మాది కాదు" అనే మాటే వినపడుతుంది. ఒకే బాటలో కింద పావు వంతు పంచాయతీది, మధ్యలో అటవీ శాఖది, పైన దేవాలయానిది కావడం మన జిల్లాల్లో మామూలే.

పంచాయతీ కార్యదర్శి దగ్గర గ్రామ నక్షా చూడండి. సర్వే నంబర్లు రాసుకుని భూ భారతి పోర్టల్‌లో సరిచూడండి. అనుమానం ఉన్నచోట మండల సర్వేయర్‌ను అడగండి. అటవీ హద్దు ఎక్కడ మొదలవుతుందో బీట్ ఆఫీసర్‌కు నక్షా కన్నా బాగా తెలుస్తుంది. ఆయనతో కలిసి బాట మొత్తం ఒకసారి నడవండి.

నేలను బట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇలా ఉంటుంది:

- గ్రామకంఠం, ప్రభుత్వ భూమి, పల్లె ప్రకృతి వనం: గ్రామ పంచాయతీ. పైన ఎంపీడీఓ (మండల అభివృద్ధి అధికారి).
- పట్టణ పార్కు, చెరువు కట్ట మీది వాకింగ్ ట్రాక్: మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్. చెరువు కట్ట అయితే నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఎందుకంటే కట్ట ఆ శాఖది, దాని మీది బాట మాత్రమే మున్సిపాలిటీది.
- రిజర్వు ఫారెస్టు: రేంజ్ ఆఫీసర్, ఆ పైన డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి). పంచాయతీ డబ్బు అక్కడ సొంతంగా ఖర్చు పెట్టడానికి వీల్లేదు.
- గుడి, దర్గా భూమి: దేవాదాయ శాఖ ఈఓ (గుడి కార్యనిర్వహణాధికారి) లేదా వక్ఫ్ బోర్డు.
- కోటగుట్టలు: రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేనిదే రాయి కూడా కదపొద్దు. రాచకొండ లాంటి చోట కోటా, అడవీ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి రెండు శాఖలనూ అడగాల్సిందే.
- పట్టా భూమి: రైతు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆ ముక్కను మీ ప్రతిపాదనలోంచి తీసేయండి. బాటను పక్కకు మళ్లించగలరేమో చూడండి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వు సంగతి వేరు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న ఆ అడవిలో కోర్ ఏరియా బాటలకు మీరు ప్రతిపాదన తయారు చేయొద్దు. అక్కడ ఎవరు నడవాలో, ఎప్పుడు నడవాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖే నిర్ణయిస్తుంది. సలేశ్వరం లోయ బాటనే చూడండి, చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో తప్ప అటు పంపరు. అలాంటి చోట బయటివాళ్లు చేయగలిగింది జాతరకు ముందు, తర్వాత చెత్త ఏరడానికి శాఖకు చేయి అందించడం. దానికి డీఎఫ్ఓకు ఒక లేఖ చాలు.

## 2. వానలు తగ్గాక బాట కొలవండి

దరఖాస్తులో ఎక్కువ బరువు మోసేది ఈ మెట్టే. అందరూ దాటేసేదీ ఇదే. "బాట అధ్వానంగా ఉంది" అని రాస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దానికి ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) వేయలేడు. ఏఈకి కావాల్సింది పొడవు, వెడల్పు, లోతు.

అక్టోబరులో వెళ్లండి. వాన ఎక్కడ కోసిందో అప్పుడు తాజాగా కనపడుతుంది. ఎండాకాలంలో వెళ్తే ఎండిన గడ్డి కింద సగం గుంతలు దాక్కుంటాయి.

తీసుకెళ్లాల్సినవి:

- 30 మీటర్ల టేపు
- సున్నం లేదా చాక్‌పీసు (రాళ్ల మీద పెయింటు వద్దు, కోటగుట్టల్లో అసలే వద్దు)
- తేదీ, లొకేషన్ పడేలా ఫొటో తీసే ఫోన్ యాప్
- గీతల నోట్‌బుక్, పెన్సిల్
- పక్కన పెట్టి ఫొటో తీయడానికి ఒక మీటరు కర్ర

బాట మొదలును సున్నా అనుకోండి. ప్రతి 50 మీటర్లకు గుర్తు పెట్టుకుంటూ ఎక్కండి. దెబ్బతిన్న చోటల్లా ఒక వరుస రాయండి. ఉదాహరణకు:

"220–232 మీ. ఎడమవైపు కోత. పొడవు 12 మీ., వెడల్పు 0.6 మీ., లోతు 0.3 మీ. కారణం: పై బండ మీది నీళ్లు నేరుగా బాటలోకి దిగుతున్నాయి. కావాల్సింది: పైన నీటి అడ్డం, గుంతకు రాళ్లు, మొరం."

ఈ ఒక్క వరుసతో 12 × 0.6 × 0.3 = 2.16 ఘనపు మీటర్లు నింపాలని ఏఈకి వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటి వరుసలు పది ఉంటే ఎస్టిమేట్ సగం తయారైనట్టే.

"కారణం" గడి ఖాళీగా వదలొద్దు. మన ఎర్ర చెలక నేలలు, గ్రానైటు బండల మీద బాట చెడటానికి చాలావరకు కారణం మనుషుల కాళ్లు కాదు, నీళ్లే. పైన పెద్ద పరుపు బండ ఉంటే దాని మీద పడిన వాన మొత్తం ఒకే చోట కిందికి దూకుతుంది. ఆ నీటిని పక్కకు తప్పించకుండా ఎన్నిసార్లు మొరం పోసినా వచ్చే జూలైలో అది ఒర్రెలో ఉంటుంది. నీటి అడ్డం అంటే పెద్ద పని కాదు. బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, సగం పైగా నేలలో పాతిన రాళ్ల వరుస. నీళ్లు దాన్ని తాకి పక్క పొదల్లోకి వెళ్లిపోవాలి. వాలు ఎక్కువున్న చోట దగ్గర దగ్గరగా, తక్కువున్న చోట దూరంగా పెడతారు. దీనికి సిమెంటు అక్కర్లేదు, ఊళ్లో రాతిపని తెలిసినవాళ్లు ఇద్దరుంటే చాలు.

ఫొటోలు ప్రతి చోటా రెండేసి తీయండి. ఒకటి కర్ర పెట్టి దగ్గర నుంచి, ఒకటి వెనక గుట్టో చెట్టో కనపడేలా దూరం నుంచి. పని అయ్యాక అదే చోట నిలబడి మళ్లీ తీయాల్సి ఉంటుంది కాబట్టి ఎక్కడ నిలబడ్డారో కూడా రాసుకోండి.

## 3. పనులను మూడు కుప్పలు చేయండి

పట్టిక పూర్తయ్యాక ప్రతి వరుస పక్కన ఒక అక్షరం రాయండి.

"ఒ" అంటే ఒక్కసారి పని. విరిగిన మెట్లు, రాతి అడ్డుగోడ, రెయిలింగు, సూచిక బోర్డులు, కల్వర్టు లాంటివి. ఇవి ఆస్తి కిందికి వస్తాయి. ఎంపీ, ఎమ్మెల్యే నిధుల్లాంటివి వీటికే.

"ఏ" అంటే ఏటా చేయాల్సిన పని. సర్కారు తుమ్మ కొట్టడం, గడ్డి కోయడం, నీటి అడ్డాల వెనక పేరుకున్న మట్టి తీయడం, చెత్త ఎత్తడం. ఆస్తులు కట్టించే పథకాలేవీ వీటికి రావు. పంచాయతీ సాధారణ నిధి, మున్సిపల్ బడ్జెట్, అటవీ శాఖ వార్షిక ప్రణాళిక, దేవాలయ ఆదాయం, ప్రవేశ రుసుము, ఇవే దారులు.

"మ" అంటే మనమే చేసుకునేది. కొమ్మలు కత్తిరించడం, దొర్లిపడిన చిన్న రాళ్లు తీయడం. వీటిని ఎస్టిమేట్‌లో ఇరికించొద్దు. శ్రమదానంగా చూపిస్తే ఆఫీసులో మీ ఫైలుకు గౌరవం పెరుగుతుంది.

"ఒ" పనులు రాసి "ఏ" పనులు మరిచిపోయిన ప్రతిపాదనలే ఎక్కువ. రెయిలింగు వస్తుంది, దాని చుట్టూ తుమ్మ పెరుగుతుంది, రెండేళ్లలో ఆ రెయిలింగు ఎక్కడుందో వెతుక్కోవాలి.

## 4. ఏ పని ఏ పద్దులోకి వెళ్తుంది

ఇక్కడ తొందరపడొద్దు. ఒకే పని వేర్వేరు పేర్లతో వేర్వేరు పద్దుల్లోకి వెళ్తుంది. అలాగని అబద్ధం రాయమని కాదు. పని నిజంగా ఏం చేస్తుందో అదే పేరు పెట్టండి. వాలు మీద నీళ్లు ఆపే రాతి కట్ట నిజంగానే నేల, తేమ సంరక్షణ పని. దాన్ని "ట్రెక్కింగ్ ట్రాక్ బ్యూటిఫికేషన్" అని రాస్తే ఎక్కడా పట్టదు.

పంచాయతీ సాధారణ నిధి. పన్నులు, ఫీజుల డబ్బు. ఏటా చేసే పనికి ఇదే నమ్మకమైన ఆధారం, కాకపోతే చిన్న ఊళ్లలో దానికి తాకిడి ఎక్కువ. పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, మల్టీపర్పస్ వర్కర్లు ఉన్నారు కాబట్టి డబ్బు లేకున్నా రోజుల లెక్కన అడగండి. "నెలలో ఒక పూట ట్రాక్టరు, ఇద్దరు పనివాళ్లు" అనే తీర్మానం లక్ష రూపాయల హామీ కన్నా నయం.

ఆర్థిక సంఘం గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రామీణ సంస్థల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, వాన నీటి సంరక్షణ, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలను బట్టి వాడుకోవచ్చంది, జీతాలకు మాత్రం కాదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త మార్గదర్శకాల్లో వాటాలు ఎలా ఉన్నాయో కార్యదర్శితో కలిసి చూసుకోండి. చెత్త డబ్బాలు, బాట మొదట్లో మరుగుదొడ్డి పారిశుద్ధ్యం కిందికి, వాన నీటి మళ్లింపు నీటి సంరక్షణ కిందికి వస్తాయి. ఏ పనైనా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో (పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు ఎక్కించే చోటు) ఎక్కి ఉండాలి. అక్కడ లేని పనికి బిల్లు రాదు.

ఉపాధి హామీ. కందకాలు, వాగు మొదళ్లలో రాతి కట్టడాలు, మొక్కలు నాటడం, వాటి సంరక్షణ ఇందులో సులువుగా ఇమిడిపోతాయి. యంత్రాలు, కాంట్రాక్టర్లు ఉండకూడదు. గుట్ట వాలుకు అది మంచిదే, జేసీబీ ఎక్కితే బాట మిగలదు. ఫీల్డ్ అసిస్టెంట్‌కు, టీఏకు (టెక్నికల్ అసిస్టెంట్) మీ పట్టిక చూపించండి. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందుకని పనుల జాబితా ఎంపీడీఓ ఆఫీసులో తాజాగా అడిగి తెలుసుకోండి, పాత కాగితం మీద ఆధారపడొద్దు.

గ్రీన్ బడ్జెట్. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం పట్టణాలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. వాకింగ్ ట్రాక్ పక్క మొక్కలు, వాటి నీళ్లు, కలుపు ఇందులో అడగొచ్చు. ట్రాక్ మీది టైల్స్ అడగొద్దు.

ఎంపీ నిధులు. ఎంపీకి ఏటా 5 కోట్లు. మన్నికైన ప్రజా ఆస్తికే ఇస్తారు. ప్రార్థనా స్థలాల్లో, మత సంస్థల భూమిలో పనికి ఇవ్వరు. గుడి మెట్లకు, దర్గా మెట్లకు ఎంపీ నిధి అడిగి భంగపడే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆస్తి అయ్యాక దాని నిర్వహణ ఎవరు చూస్తారో రాసివ్వాలి, ఆ కాగితం ముందే జతచేయండి. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధికి సిఫారసు లేఖతో పాటు ఎస్టిమేట్ కూడా తీసుకెళ్తే పని ముందుకు కదులుతుంది.

జిల్లా ఖనిజ ట్రస్టు. నల్లగొండ, సూర్యాపేట సిమెంటు సున్నపురాయి ప్రాంతాలవాళ్లు దీన్ని వదలొద్దు. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు వచ్చింది. గని కంపెనీలు రాయల్టీ మీద అదనంగా కట్టే వాటా ఇది, గనుల వల్ల ప్రభావితమైన ఊళ్ల కోసమే. ఎక్కువ భాగం తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం లాంటి ప్రాధాన్య రంగాలకు పోతుంది. కాబట్టి "పర్యావరణం, నేల సంరక్షణ" వైపు నుంచి వెళ్లండి. ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో ముందు కలెక్టరేట్‌లోనో గనుల శాఖ ఆఫీసులోనో కనుక్కోండి.

అటవీ శాఖ డబ్బు. ఇది మన చేతికి రాదు, శాఖే ఖర్చు చేస్తుంది. మనం చేయగలిగింది మన పట్టికను వాళ్ల వార్షిక ప్రణాళికలోకి ఎక్కించడం. కాంపా నిధుల (అటవీ భూమిని వేరే పనులకు తీసుకున్నందుకు బదులుగా కట్టించుకునే డబ్బు) నుంచి అగ్నిరేఖలు (మంట పాకకుండా శుభ్రం చేసిన పట్టీలు), నేల తేమ పనులు చేస్తారు. చాలా చోట్ల పాత కాలిబాటే అగ్నిరేఖగా, గస్తీ దారిగా పనికొస్తుంది. ఆ మాట రేంజ్ ఆఫీసర్‌తో కూర్చుని మాట్లాడండి. ఎండాకాలం మంటల ముందు ఆ బాట శుభ్రం కావడం వాళ్లకూ అవసరమే. వన సంరక్షణ సమితి ఉన్న ఊరైతే దాని తీర్మానం కూడా పెట్టండి.

దేవాదాయ శాఖ. గుడి ఆదాయం నుంచి ఈఓ ఖర్చు పెట్టొచ్చు. చిన్న గుళ్లకు శాఖ సర్వ శ్రేయో నిధి ఉంది, దానికి గుడి తరఫున కొంత వాటా కూడగట్టాలి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు) గురించి ఒక్క మాట. అది ప్రభుత్వ డబ్బు కాదు, దాని దారి వేరు. మీ సంఘానికి సీఎస్ఆర్-1 నమోదు లేకపోతే నేరుగా తీసుకోలేరు.

## 5. తీర్మానం ఎలా రాయించాలి

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. సభ తేదీకి వారం ముందే సర్పంచ్ గారినీ కార్యదర్శినీ కలిసి ఎజెండాలో పెట్టించండి. సభలో లేచి చదివితే "చూద్దాం" అంటారు, ఎజెండాలో ఉంటే మినిట్స్‌లో పడుతుంది.

సభకు గొర్రెలు కాసేవాళ్లనూ, కట్టెలు తెచ్చుకునేవాళ్లనూ, బాట పక్క రైతులనూ పిలవండి. ఆ బాట మనకు సరదా, వాళ్లకు రోజువారీ అవసరం. వాళ్లు లేచి "మాకూ కావాలి" అంటే ఇక ఎవరూ అడ్డు చెప్పరు. గేటు పెట్టి మూసేస్తారేమో అనే భయం కూడా అక్కడే పోతుంది.

నమూనా:

"___ గ్రామం సర్వే నం. ___ లోని గుట్ట బాట (మొదలు: మంచినీళ్ల ట్యాంకు, చివర: పై మంటపం, పొడవు ___ మీటర్లు) వర్షాలకు కోతకు గురైనందున, జతచేసిన పరిశీలన పట్టికలోని పనులను 20__–__ అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలనీ, ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బాట శుభ్రతకు పంచాయతీ ట్రాక్టరు, సిబ్బందిని కేటాయించాలనీ, పనుల పర్యవేక్షణను పనుల స్థాయీ సంఘానికి అప్పగించాలనీ గ్రామసభ తీర్మానించింది."

తీర్మానం నంబరు, తేదీ, సంతకాలతో ఉన్న నకలు అదే రోజు తీసుకోండి.

పట్టణాల్లో గ్రామసభ ఉండదు. వార్డు కమిటీ సిఫారసు, కౌన్సిలర్ లేఖ, కమిషనర్‌కు దరఖాస్తు, ఈ మూడూ బడ్జెట్ తయారీకి ముందే వెళ్లాలి.

## 6. ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

- అక్టోబరు: బాట కొలత. పంచాయతీల ప్రణాళికలు తయారయ్యే ప్రజా ప్రణాళిక ప్రచారం మామూలుగా గాంధీ జయంతితో మొదలవుతుంది, అది సాగుతుండగానే పట్టిక సిద్ధం కావాలి.
- నవంబరు–జనవరి: గ్రామసభ తీర్మానం, ప్రణాళికలో చేర్పు, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో నమోదు. అటవీ శాఖకు మీ పట్టిక ఈలోపే ఇవ్వండి.
- ఫిబ్రవరి–మార్చి: పాత ఏడాది మంజూరైన పనులు ముగించడం, బిల్లులు. కొత్త దరఖాస్తు ఈ నెలల్లో ఇస్తే కింద పడిపోతుంది. ఆఫీసంతా మార్చి 31 టెన్షన్‌లో ఉంటుంది.
- ఏప్రిల్–మే: మంజూరు వెంట తిరగడం, రాతిపని. వానలకు ముందు నీటి అడ్డాలు పూర్తి కావాలి.
- జూన్–సెప్టెంబరు: మొక్కలు. పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి బాట నడిచి నీళ్లు ఎటు పోయాయో ఫొటోలు తీయండి. వచ్చే ఏటి దరఖాస్తుకు ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు.

## 7. మంజూరు వరుస

1. ఏఈతో కలిసి బాట నడవండి. మీ పట్టిక ఆయన చేతికివ్వండి.
2. ఏఈ స్టాండర్డ్ రేట్ల ప్రకారం ఎస్టిమేట్ వేస్తాడు.
3. సాంకేతిక మంజూరు. అంటే ఎస్టిమేట్ సరిగ్గా ఉందని ఇంజినీర్ల ఆమోదం.
4. పరిపాలనా మంజూరు. అంటే ఖర్చుకు అధికారి ఆమోదం. నిధి ఏదో అందులో స్పష్టంగా ఉండాలి.
5. పని అప్పగింత, రాతపూర్వక ఆదేశం.
6. పని మొదలుకు ముందు కొలతలు, ఫొటోలు.
7. పని, మధ్యలో తనిఖీ.
8. ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, బిల్లు.
9. వినియోగ ధ్రువపత్రం.

3, 4 మధ్య ముందూ వెనకా పథకాన్ని బట్టి మారొచ్చు. మారకూడనిది ఒక్కటే: ఆదేశం చేతికి రాకముందు పార పట్టొద్దు. "ముందు చేసేయండి, బిల్లు తర్వాత చూద్దాం" అన్న మాట నమ్మి చేతి డబ్బు పెట్టిన సర్పంచులు అప్పుల పాలైన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

ఎస్టిమేట్‌లో చూసుకోవాల్సినవి:

- [ ] రాళ్లు, మొరం ఎక్కడి నుంచి వస్తాయో రాశారా? గుట్ట రాయినే పగలగొట్టి వాడతామంటే ఒప్పుకోవద్దు.
- [ ] పైకి మోత ఖర్చు వేశారా? ట్రాక్టరు వెళ్లని చోట తలమోతే గతి. ఇది మరిచిపోతే సామాను కిందే మిగిలి, పని పైదాకా పోదు.
- [ ] నీటి అడ్డాలు ఉన్నాయా, లేక అంతా సిమెంటేనా?
- [ ] బోర్డుల మీద రాత తెలుగులో ఉందా?

## 8. పని జరిగేటప్పుడు, బిల్లు దగ్గర

సంఘం తరఫున రోజూ ఒకరు బాట మీద ఉండాలి. అరిచి ఆపడానికి కాదు, రాసుకోవడానికి. ఎంతమంది వచ్చారు, ఎన్ని మీటర్లు అయింది, ఏ సామాను దిగింది అని రాసుకుంటే చాలు.

రాళ్ల వరుస సగానికి పైగా నేలలో ఉందో లేదో మట్టి కప్పకముందే చూడాలి, కప్పాక అడిగి లాభం లేదు. కాలితో గట్టిగా తన్నండి, కదిలితే మళ్లీ పాతించండి. తర్వాత ఒక బిందె నీళ్లు పై నుంచి పోసి చూడండి. నీళ్లు అడ్డం దగ్గర నిలబడిపోయినా, పై నుంచి దూకినా ఏటవాలు సరిగ్గా లేనట్టే.

ఎంబీలో కొలతలు రాసేటప్పుడు మీ పట్టిక చేతిలో ఉంచుకోండి. 220వ మీటరు దగ్గర 12 మీటర్ల పని ఉండాలి, అదే రాయాలి. ఉపాధి పనుల్లో సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు ఇదే పట్టిక పనికొస్తుంది. వినియోగ ధ్రువపత్రం పంపకపోతే తర్వాతి విడత ఆగుతుంది కాబట్టి దాని నకలు కూడా మీ ఫైలులో ఉండాలి.

## 9. తరచూ జరిగే తప్పులు

వాలు మీద సీసీ. బండ మీద పల్చగా పోసిన సిమెంటు ఎండకు పగిలి పెచ్చులుగా లేస్తుంది, వానలో జారుతుంది. సీసీ వేస్తేనే పని చేసినట్టు అనుకునే అలవాటు బలంగా ఉంది. ఏఈతో మర్యాదగానే వాదించండి. తప్పదంటే మెట్ల దగ్గర మాత్రం ఒప్పుకోండి, ఉపరితలం గరుకుగా ఉంచమనండి.

ఒక్క వినతిపత్రం, పది చోట్లకు నకళ్లు. ప్రతి ఆఫీసూ ఇంకో ఆఫీసు చూస్తుందనుకుంటుంది. ఒక్కో ముక్కకు ఒక్కో దరఖాస్తు, ఒక్కో ఆఫీసుకు. ఇతర ముక్కలు ఎవరు చూస్తున్నారో కింద ఒక వాక్యం రాయండి.

ఒకే పనికి రెండు నిధులు. తెలియక జరిగినా ఆడిట్‌లో దొరుకుతుంది. పట్టికలో ప్రతి వరుస ఎదురుగా నిధి పేరు ఒక్కటే ఉండాలి.

అటవీ భూమిలో సొంత ఉత్సాహం. మంచి ఉద్దేశంతో పొదలు కొట్టినా కేసు కేసే. రేంజ్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి లేకుండా కత్తి పట్టొద్దు.

ప్రవేశ రుసుము లెక్క లేకపోవడం. పార్కింగుకు పది, ఇరవై వసూలు చేసే ఊళ్లున్నాయి. తీర్మానం, రసీదు పుస్తకం, పంచాయతీ ఖాతాలో జమ, ఈ మూడూ ఉంటే అదే ఏటా నిర్వహణకు ఆధారమవుతుంది. లేకపోతే గొడవలకు ఆధారమవుతుంది.

## 10. ఫైలు కదలకపోతే

మొదట సీటు తెలుసుకోండి. ఫైలు ఎవరి దగ్గరుంది, ఏ కాగితం తక్కువైంది అని మర్యాదగా అడిగితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఎక్కువగా తక్కువయ్యేవి భూమి ధ్రువీకరణ, నిర్వహణ హామీ లేఖ.

అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. తీర్మానం నకలు, పట్టిక, రెండు ఫొటోలు జతచేసి రసీదు నంబరు తీసుకోండి.

దానికీ కదలిక లేకపోతే సమాచార హక్కు. గ్రామ పంచాయతీలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, దానికి జవాబు ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు. ఇలా అడగండి: ఫలానా తేదీ తీర్మానం మీద తీసుకున్న చర్యల నోట్ ఫైల్ నకలు, ఈ ఏడాది ప్రణాళికలో చేర్చిన పనుల జాబితా, గ్రీన్ బడ్జెట్ కింద కేటాయించినదీ ఖర్చైనదీ. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసు పై అధికారికి మొదటి అప్పీలు వేయడానికి మరో 30 రోజుల గడువు ఉంటుంది. దరఖాస్తు ఇచ్చిన రోజే ఆ రెండు తేదీలూ ఫైలు అట్ట మీద రాసిపెట్టుకోండి.